నాయన ఫోనులో చేపల ఫొటోలు

నేను డిగ్రీ పాసయ్యాను. ఈ మాట ముందు చెప్పేయాలి, లేకపోతే మిగతాది రాయడానికి చెయ్యి ఆడదు. అమ్మ వైపు గానీ నాయన వైపు గానీ డిగ్రీ దాకా వెళ్ళినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. ఈ పొద్దున ఫలితాలు రాగానే మైపాడులో మా వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగి చెప్పొచ్చాను. అడగనివాళ్ళకి కూడా చెప్పాను. మంచినీళ్ళ ట్యాంకరు తోలుకొచ్చిన ఆయనకి చెబితే, "మంచిది తల్లీ, ఆ బిందె కొంచెం పక్కకి జరుపు" అన్నాడు. జరిపి మళ్ళీ చెప్పాను.

ఒక్క మనిషికి మాత్రం చెప్పకుండా గంటసేపు తప్పించుకు తిరిగాను. ఆ మనిషి మా నాయన. పాసైన సంగతి చెప్పడానికి భయం కాదు. ఆ మాట చెప్పాక ఇంకో మాట చెప్పకుండా ఉండలేనని తెలుసు. నాలుగేళ్ళుగా నాయన సముద్రంలో గుర్తు పెట్టుకున్న చోట్లన్నీ నేను నా వేలితో తుడిచేశాను. అది తన వల్లే జరిగిందని ఆయన అనుకుంటున్నాడు. మూడు నెలలుగా నేను ఆయన్ని అట్లాగే అనుకోనిచ్చాను.

మా ఇంట్లో రెండు ఫోన్లు. అమ్మది బటన్ల ఫోను, నెల్లూరులో చేపలు తీసుకునే హోటలు వాళ్ళతో మాట్లాడుకోవడానికి. పెద్ద ఫోను నాయనది. తెల్లారకముందే అది ఒక ప్లాస్టిక్ కవర్లో, దాని మీద ఇంకో కవర్లో, నాయన మెడలో వేలాడుతూ ఫైబరు బోటులో సముద్రం మీదికి పోయేది. తొమ్మిదిన్నరకి ఒడ్డుకొచ్చేది. అప్పట్నుంచి నాది. ఉప్పు మరకలు తుడుచుకుని, చేపల వాసనతోనే పాఠాలు వినేదాన్ని.

ఆఖరి సెమిస్టరు ముందు దాకా కాలేజీలో ఫోను లేకుండానే నెట్టుకొచ్చాను, సాయంత్రం ఇంటికొచ్చాకే అది నా చేతికొచ్చేది. గ్రూపులో ఏ నోటీసు పడినా పక్క బెంచీ అమ్మాయి చూసి చెప్పేది. లైబ్రరీ వరండాలో వైఫై వచ్చేది. సాయంత్రం బస్సు కోసం పరిగెత్తే ముందు అందరూ అక్కడ గోడకి ఆనుకుని వీడియోలు దించుకునేవాళ్ళు. నేను వాళ్ళ సంచులకి కాపలా. మూడో ఏడు ఆఖరి సెమిస్టరు వచ్చేసరికి అంతా మారిపోయింది. కాలేజీకి పోయే పనే లేదు, ఇంటర్న్‌షిప్ మొత్తం ఆన్‌లైనే. హాజరు ఫోనులో, రోజువారీ రిపోర్టు ఫోనులో, మా గైడు మేడం చీవాట్లు కూడా ఫోనులోనే. కాలేజీలో నా పేరు కింద రాయించిన నంబరు నాయనది. ఆ నంబరున్న ఫోనులో తప్ప వేరే ఫోనులో మా కాలేజీ యాప్ తెరుచుకోదు.

నా ప్రాజెక్టు మా ఊళ్ళో చేపలమ్మే ఆడవాళ్ళు ఫోను ఎట్లా వాడుకుంటున్నారన్నది. ఎవరు ఎవరికి ఫోను చేస్తారు, రేటు ముందే కనుక్కుంటారా, ఫోనులో డబ్బు వేయించుకోవడానికి భయపడతారా, ఇట్లాంటివన్నీ గంపల పక్కన కూర్చుని అడిగి రాసుకున్నాను. వైవా ముందు రోజు రాత్రిలోగా దాని మీద పది నిమిషాల వీడియో తీసి పంపాలి. మరుసటి రోజు పదకొండు గంటలకి బయటి నుంచి వచ్చే పరీక్షకుడు ఫోనులో ఎదురుగా కూర్చుని ప్రశ్నలడుగుతాడు. వీడియో పంపకపోతే వైవా లేదు. వైవాకి రాకపోతే డిగ్రీ లేదు, మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. ఇది మేడం గ్రూపులో పెద్దక్షరాల్లో మూడుసార్లు పెట్టింది.

ఆ సాయంత్రం వీడియో తీస్తుంటే ఆరో నిమిషంలో ఆగిపోయింది. ఫోనులో చోటు లేదంట. నా పాఠాలు తీసేయడానికి మనసు రాలేదు. మొదటి ఏడు నుంచి ఉన్న వీడియోలు చాలావరకు చూసింది లేదు, అయినా అవి ఉంటేనే ధైర్యం. నాయన ఫొటోలు తెరిచి చూశాను. చేపలు. బోటు చెక్క మీద పడుకోబెట్టిన వంజరం, పక్కన నాయన కాలి బొటనవేలు. చందువ, పక్కన బొటనవేలు. మళ్ళీ వంజరం. ఒక్కో చేప తర్వాత ఒక్కో స్క్రీన్‌షాటు. ఏదో మ్యాపు యాప్‌ది, నీలం రంగు, కింద బారెడు అంకెలు. వందల్లో ఉన్నాయి. మధ్యలో బోటులో తీసిన పెద్ద పెద్ద వీడియోలు, ఆకాశం, నీళ్ళు, ఏమీ లేదు.

వేలు తగిలి స్క్రీన్‌షాట్లు పడటం పెద్దవాళ్ళ ఫోన్లలో మామూలే. క్లాసులో అందరం మా నాన్నల ఫోన్ల గురించి ఇదే చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. నేనూ అట్లాగే నవ్వుకుంటూ అన్నీ ఎంచుకుని తీసేశాను. అప్పటికీ చోటు చాల్లేదు. తీసేసినవి కొన్నాళ్ళు ఒక మూల దాగి ఉంటాయి గదా, ఆ మూల కూడా ఖాళీ చేశాను. ఇంటర్నెట్‌లోకి ఒక కాపీ పోయే ఏర్పాటు ఫోనులో ఉండేది. రోజుకిచ్చే డేటా పాఠాలకే సరిపోవడం లేదని మొదటి ఏడే దాన్ని ఆపేసింది నేను. చేపల్లో బాగా వచ్చిన ఫొటో ఒకటి మాత్రం ఉంచాను. నా చెయ్యంత వంజరం. నాయన చూసుకుంటాడు గదా అని.

వీడియో వెళ్ళింది. అన్నం తిని హాయిగా నిద్రపోయాను. లేచేసరికి నాయన వేటకి పోయి ఉన్నాడు.

పొద్దున ఎనిమిది గంటలప్పుడు అమ్మ గంప కడుగుతోంది. నేను నోట్సు చూసుకుంటూ, మాటల్లో, నాయన ఫోను నిండా చెత్తంతా ఉంటే రాత్రి తీసేశానన్నాను.

"చెత్తేంది?" అంది అమ్మ.

"ఏవో చేపల ఫొటోలు, అంకెలు. వేలు తగిలి పడుంటాయి."

అమ్మ గంప కింద పెట్టింది. "మే, అవి వేలు తగిలి పడేటివి కాదు. చేప పడిన చోట ఆ చేపని ఫొటో తీస్తాడు మీ నాయన. వెంటనే ఆ చోటు నంబరు తీస్తాడు. మళ్ళా పోయేటప్పుడు చేపని చూసి, నంబరు చూసి, బోటు ఆడికి తోలతాడు. పేరు రాసుకునేదానికి ఆయనకి అక్షరాలు రావు గదా."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"ఎవురికి చెప్తాడు? అవి చెప్పుకునేటివి కాదు. బోటులో ఉండే మీ మామకే చూపించడు. నాతో పడుకొనేటప్పుడు ఒకరోజు అన్నాడు గాబట్టి నాకు తెలుసు."

నాయనకి అంకెలు బాగా వచ్చు. ఒడ్డున చేపల వేలంపాటలో నిలబడేవాడికి అంకెలు రాకపోతే కుదరదు. ఒడ్డు కనిపించినంత దూరమైతే ఏ సెల్ టవరు ఏ చెట్టుకి సూటిగా వచ్చిందో చూసి గుర్తు పట్టేస్తాడు. అది దాటాక అంతా నీళ్ళే. అక్కడికే ఆ నంబర్లు. మా వైపు ఒకరు చేప దొరికిన చోటు ఇంకొకరికి చెప్పరు. అన్నదమ్ములైనా చెప్పుకోరు. కాబట్టి ఆ ఫొటోలకి ప్రపంచంలో ఇంకో కాపీ లేదు.

అమ్మ ఫోను తీసుకుని నాయనకి చేశాను. అందుబాటులో లేదంది. నాలుగుసార్లు చేసి ఒడ్డుకి పోయాను. ఆ నడకలో నాకు ఇంకొకటి తట్టింది. ఆ ఫోను తొమ్మిదిన్నరకి వస్తేనే నేను పదకొండుకి వైవాలో కూర్చునేది. నాయన రోజూ తొమ్మిదిన్నరకి వచ్చేది నేరుగా ఆ చోటికి పోయి వల వేస్తాడు గాబట్టి. ఆ పూట ఆ చోటు నేనుంచలేదు. వెతుక్కోవాలి. ఎంతసేపు వెతుకుతాడో.

తొమ్మిదిన్నరకి బోట్లు రావడం మొదలైంది. ఒకటి, తర్వాత ఇంకొకటి. మా బోటు లేదు. పది దాటింది. వల దులుపుకుంటున్న ఒక పెద్దాయన నన్ను చూసి నవ్వాడు.

"మీ నాయనకి ఈరోజు ఏమైందిమే? పోయిన దోవనే మూడు తూర్లు తిరగతా ఉండాడు. ఏదన్నా పారేసుకున్నాడా సముద్రంలో?"

"తెలీదు పెదనాయనా. ఎక్కడ చూసినారు?"

"యాడో ఆ పక్క. నేను చెయ్యూపినా. చూడనే లేదు."

పదిన్నరకి మేడం అమ్మ ఫోనుకి చేసింది. అందరూ యాప్‌లోకి వచ్చేశారని, నేనొక్కదాన్నే రాలేదని. "నెట్‌వర్క్ సమస్య మేడం" అన్నాను. ఆ రోజుల్లో ఆ మాట అందరికీ అచ్చొచ్చేది. నిజానికి నెట్‌వర్క్ మా ఒడ్డున బ్రహ్మాండంగా ఉంది. ఫోనే లేదు.

పదకొండుకి పన్నెండు నిమిషాలుందనగా మా బోటు కనిపించింది. మోకాలి లోతు నీళ్ళలోకి ఎదురుపోయాను. బోటులో చేపలు అడుగున మాత్రమే ఉన్నాయి. మామ, అంటే అమ్మ తమ్ముడు, మొహం పక్కకి తిప్పుకుని తాడు లాగుతున్నాడు. నాయన దిగి మెడలోంచి కవరు తీశాడు. నేను నోరు తెరిచేలోపే ఆయనే మొదలుపెట్టాడు.

"పాపా, నేను యాదో నొక్కేసినా. ఫోనులో ఉండేటియ్యన్నీ పోయినాయి. నీ పాఠాలు గూడా పోయినాయేమో చూసుకోమ్మా. పరీచ్చ ఉండాదంటివే."

కవరు ముడి పళ్ళతో లాగి విప్పుతూ గాబరా పడుతున్నాడు. చేపలు లేనందుకు కాదు. నా పరీక్ష తన వల్ల పోయిందేమోనని.

"పాఠాలున్నాయి నాయనా" అన్నాను. అది మాత్రం నిజం. మిగతాది వైవా అయ్యాక చెబుదామనుకున్నాను. పదకొండుకి ఎనిమిది నిమిషాలుంది. పైట చెంగుతో ఫోను తుడుచుకుని, ఒడ్డున బోర్లించిన ఒక బోటు నీడలో కూర్చుని యాప్ తెరిచాను.

పరీక్షకుడు నెమ్మదైన మనిషి. వెనక ఆ చప్పుడేమిటని అడిగాడు. సముద్రం సార్ అన్నాను. నవ్వి, నా వీడియో చూశానని, బాగుందని, చాలామంది ఆడవాళ్ళని కలిశారని అన్నాడు. రేట్ల గురించి అడిగాడు, చెప్పాను. డబ్బు ఫోనులో వేయించుకోవడానికి ఎందుకు జంకుతున్నారని అడిగాడు, చెప్పాను. నాయన నాలుగడుగుల దూరంలో తడి లుంగీతో నిలబడి వింటున్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నేను మాట్లాడినప్పుడల్లా తల ఊపుతున్నాడు.

"ఇప్పుడు మీరు మాట్లాడుతున్న ఫోను మీదేనా?" అన్నాడు పరీక్షకుడు.

"మా నాన్నది సార్."

"ఆయన ఏం చేస్తారు?"

"సముద్రం మీద వేట సార్."

"మరి ఆయన దీన్ని దేనికి వాడతారు?"

ఊళ్ళో అందర్నీ అడిగిన ప్రశ్నే అది. ఇంట్లో మనిషిని అడగలేదు. నాయన వైపు చూడకుండా, "మాట్లాడుకోవడానికి సార్" అన్నాను. పరీక్షకుడు ఏదో రాసుకున్నాడు. అంతే, వైవా అయిపోయింది.

ఆ పూటే చెప్పేసి ఉండాల్సింది. మధ్యాహ్నం అన్నం దగ్గర చెబుదామనుకున్నాను. మామ కూడా కూర్చున్నాడు. "నాలుగేళ్ళు పట్టుకోని తిరిగినావు, ఒక్కసారి ఎట్టా పారేసినావు బావా?" అంటుంటే నాయన తలొంచుకుని అన్నం కలుపుతున్నాడు. చూపుడువేలు పైకెత్తి చూసుకుని, "మొద్దు ఏళ్ళు, యాదో తగిలింది" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నువ్వు చెప్తావా నేను చెప్పనా అన్నట్టు. నేను కళ్ళతోనే బతిమాలాను. మార్కులు వచ్చేదాకా ఆగమని, పాసైతే ఆ సంతోషంలో తిట్టడని వంటింట్లో అమ్మకి చెప్పుకున్నాను.

"ఫెయిలైతే?" అంది అమ్మ.

పాస్ అవుతానో లేదోనన్న దిగులు, చెప్పలేదన్న దిగులు ఒకదానికొకటి అంటుకుపోయి, ఏది ఏదో నాకే తెలిసేది కాదు.

తర్వాత ఏటా సర్కారు పెట్టే వేట నిషేధం వచ్చింది. రెండు నెలలు బోట్లు కదలవు. మగవాళ్ళంతా ఒడ్డున పందిరి కింద వలలు బాగుచేసుకుంటూ మాటలతో పొద్దు గడుపుతారు. ఈ ఏడు వాళ్ళకి దొరికిన మాట మా నాయన. "అన్నా, నా ఫోను ఒకతూరి పట్టుకో, నాకు అప్పులోళ్ళ నంబర్లు తీసేయాల" అని ఒకడు. "వద్దురా, ఆయన ముట్టుకుంటే టవరే పడిపోతాది" అని ఇంకొకడు. నాయన నవ్వేవాడు. ఇంటికొచ్చాక నవ్వేవాడు కాదు. మిగిలిన ఆ ఒక్క ఫొటో నా చేత తెరిపించి చూసేవాడు. "ఇదొకటి మిగిలింది. దీని నంబరు మాత్రం లేదు. ఇంత చేప యాడ పడిందో ఇప్పుడు గుర్తే రావడంలా" అనేవాడు. ఆ రాత్రి నేను ముచ్చటపడి ఉంచింది అదే.

అన్నిటికంటే నన్ను కుదిపింది ఏంటంటే, ఆయన ఫోను ముట్టుకోవడం మానేశాడు. ఫోను మోగితే, "పాపా, నువ్వే ఎత్తు" అని తన చెవి చూపిస్తాడు. నేను ఎత్తి ఆయన చెవి దగ్గర పట్టుకుంటే చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడతాడు. నిషేధం అయిపోయి మళ్ళీ వేటకి పోయినప్పుడు ఫోను ఇంట్లోనే వదిలేసి పోయాడు. తీసుకుపో నాయనా అంటే, "నీ డిగ్రీ కాయితాలు అందులో ఉండాయి, నా చేతిలో ఎందుకు" అన్నాడు. ఫోను ఇరవై నాలుగ్గంటలూ నాదైంది. కాలేజీలో చేరిన రోజు నుంచి నేను కోరుకున్నది అదే. ఒక్క రోజు కూడా నిమ్మళంగా వాడుకోలేకపోయాను. నిషేధం తర్వాత మొదటి వారం సముద్రంలో చేప బాగుంటుంది. అందరూ నిండు బోట్లతో వచ్చారు. మా బోటు గుర్తులు లేకుండా అందరి వెనక తిరిగి సగం సగంగా వచ్చింది. అమ్మ గంప గట్టిగా కింద పెట్టేది.

ఇవాళ పొద్దున వేట లేదు, గాలి ఎక్కువగా ఉందని ఆగారు. వీధంతా తిరిగి చెప్పి, చివరికి ఒడ్డుకి పోయాను. నాయన పందిరికి కొంచెం దూరంగా ఒక్కడే కూర్చుని వల కుడుతున్నాడు.

"నాయనా, పాసయినా."

ఆయన వల కింద పెట్టి నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఏదీ, చూపించు" అన్నాడు. నేను మార్కుల మెమో తెరిచి ఫోను ఇవ్వబోయాను. రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వే పట్టుకోమ్మా. నేను ముట్టుకుంటే అది గూడా పోతాది."

ఇంక ఆగలేకపోయాను. "నీ వల్ల పోలేదు నాయనా. నేను తుడిపేసినా. వీడియోకి చోటు చాలకపోతే చెత్త అనుకోని తుడిపేసినా."

"ఏంది?"

"నీ చేపల ఫొటోలు, నంబర్లు. అన్నీ నేనే. ఆ పొద్దున్నే తెలిసింది. చెప్పడానికి భయపడినా."

ఆయన ఒకడుగు ముందుకొచ్చాడు. ఎప్పుడూ నన్ను కొట్టిన మనిషి కాదు. ఆ క్షణాన కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. "మూడు నెల్లు" అన్నాడు. "మూడు నెల్లు నా మొద్దు ఏళ్ళని నేనే తిట్టుకుంటినే." అంతే, తిరిగి గబగబా నడిచాడు. కోపంతో ఇంటికి పోతున్నాడనుకుని వెనకాలే పోయాను. ఇంటికి కాదు, పందిరి కిందికి.

"ఒరే, ఇనండి" అన్నాడు అందరి మధ్యలో నిలబడి. "ఫొటోలు పోగొట్టింది నేను కాదు. నా బిడ్డ."

అందరూ చేతిలో పని ఆపారు. మామ ముందు తేరుకున్నాడు. "చదూకునే బిడ్డ అట్టెందుకు చేస్తాది బావా? పోయినాయి పోయినాయిలే, ఆ పిల్ల మీద ఎందుకు పెడతావు?"

ఎవరూ నమ్మలేదు. తప్పు కప్పిపుచ్చుకోవడానికి కూతురి మీద తోస్తున్నాడని నవ్వారు కూడా. నాయన మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగాడు.

"చెప్పుమే."

వీధంతా తిరిగి చెప్పుకున్న గొంతు అక్కడ చిన్నదైపోయింది. అందరూ నా వైపే చూస్తున్నారు. "నేనే మామా" అన్నాను. "ఆ రాత్రి ఫోనులో చోటు లేకపోతే నేనే తీసేసినా. నాయనకి తెలీదు. మా నాయన ఏమీ నొక్కలా."

"డిగ్రీ చదివే బిడ్డవి, నీకు తెలీలేదా?"

"తెలీలేదు మామా. పాసయినా, ఈరోజే వొచ్చింది."

"అది తర్వాత చెబుదువులే" అన్నాడు నాయన. "ముందు ఫొటోల సంగతి ఇంకోసారి చెప్పు. ఆ చివరోడికి ఇనపడలా."

ఇంకోసారి చెప్పాను, గట్టిగా. చివర్లో కూర్చున్నాయన తల ఊపాడు. ఎవరో నవ్వారు, ఈసారి నాయనని చూసి కాదు. నాయన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు, ముందూ వెనకా, బాగా.

"ఇప్పుడు ఆ ఫోను ఇటియ్యి. నువ్వు పాసయిన కాయితం ఈళ్ళకి చూపిస్తా."

ఇచ్చాను. ఆయన బొటనవేలితో మెమోని నెమ్మదిగా పైకి జరిపాడు, కిందికి జరిపాడు, నా మార్కుల అంకెల దగ్గర ఆపి పెద్దది చేశాడు.

"బద్రం బావా, అది గూడా పోతాది" అన్నాడు మామ.

"పోదులేరా" అన్నాడు నాయన. "తుడిపేది నేను కాదు గదా."